కిరాయి ఇంటి నుంచి సర్కారు ఇంటికి: వరంగల్‌లో తక్కువ కిరాయి ఇంటిని వెతికి దరఖాస్తు చేసుకోవడం ఎలా

పదేళ్లుగా కిరాయి ఇళ్లలో ఉంటున్న కుటుంబం దగ్గర ఆ పదేళ్లకు సాక్ష్యంగా ఒక్క కాగితం కూడా లేకపోవడం మన ఊళ్లో మామూలు విషయం. కరెంటు మీటరు, నల్లా కనెక్షన్, ఇంటి పన్ను అన్నీ ఇంటి యజమాని పేరున ఉంటాయి. ఆధార్ మీద ములుగు పక్కనున్న పల్లె చిరునామా ఉంటుంది. రేషన్ కార్డులో పేర్లు నర్సంపేట దగ్గర అత్తమామల కార్డులోనే ఉండిపోతాయి. గృహ పథకాలు నడిచేది మాత్రం కాగితాల మీదే. అందుకే వరంగల్, హనుమకొండ, కాజీపేటలలో తక్కువ కిరాయికి సర్కారు ఇల్లు కోరుకునేవారు దరఖాస్తు ఫారం కంటే ముందుగా, ఇప్పుడు ఉంటున్న కిరాయి ఇంటికి రుజువులు కూడబెట్టుకోవాలని నేను గట్టిగా చెబుతాను. కింది క్రమం ఆ ఉద్దేశంతో రాసిందే.

ముందుగా మీకు సరిపోయే పథకం ఏదో తేల్చుకోండి

"సర్కారు కిరాయి ఇల్లు" అనే పేరుతో మన దగ్గర ఒకే పథకం లేదు. వేర్వేరు శాఖల చేతిలో వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయి కాబట్టి, ఒక కార్యాలయంలో లేదన్నారని అంతటితో ఆగిపోకూడదు.

పేరుకు తగ్గట్టు నిజంగా కిరాయికి ఇచ్చే ఇళ్లు కేంద్ర పథకమైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగంలో ఉన్నాయి. 2020లో వలస కార్మికుల కోసం మొదలైన ఈ ఆలోచనను 2024 సెప్టెంబరులో ప్రారంభమైన పీఎంఏవై పట్టణ 2.0లో "అఫర్డబుల్ రెంటల్ హౌసింగ్" పేరుతో ఒక ప్రత్యేక భాగంగా చేర్చారు. ప్రభుత్వ నిధులతో కట్టి ఖాళీగా పడివున్న ఇళ్లను కిరాయికి ఇవ్వడం ఇందులో ఒక పద్ధతి. ప్రైవేటు లేదా ప్రభుత్వ సంస్థలు తమ స్థలంలో కొత్తగా కట్టి కిరాయికి నడపడం రెండో పద్ధతి. కార్మికులు, వీధి వ్యాపారులు, ఉద్యోగం చేసే మహిళలు, విద్యార్థులు, ఆసుపత్రులలోనూ హోటళ్లలోనూ పనిచేసేవారు, వీరిలో ఆర్థికంగా బలహీన వర్గానికి లేదా అల్పాదాయ వర్గానికి చెందినవారు దీనికి అర్హులు. అయితే మీ నగరంలో ఆ భాగం కింద ఒక ప్రాజెక్టు మంజూరై, ఇళ్లు సిద్ధంగా ఉంటేనే దరఖాస్తుకు ఫలితం ఉంటుంది. కాబట్టి గ్రేటర్ వరంగల్ మహానగర పాలక సంస్థ కార్యాలయంలో "మన నగరానికి కిరాయి ఇళ్ల ప్రాజెక్టు మంజూరైందా, అయితే ఎక్కడ, ఎన్ని ఇళ్లు" అన్న ప్రశ్నతోనే మొదలుపెట్టండి. ఆ జవాబు రాకముందే దరఖాస్తుల కోసం డబ్బు, రోజు కూలి పోగొట్టుకోవద్దు.

మన దగ్గర ఎక్కువమంది ఎదురుచూసేవి ఇందిరమ్మ ఇళ్లు, డబుల్ బెడ్రూం ఇళ్లు. ఇవి కిరాయివి కావు, సొంతానికి ఇచ్చేవి. అయినా కిరాయి భారం నుంచి బయటపడే దారి కాబట్టి, ఇక్కడి కుటుంబాలు వాటినీ కలిపే ఆలోచించాలి. 2015లో మొదలైన డబుల్ బెడ్రూం పథకంలో 560 చదరపు అడుగుల ఇల్లు ఉచితంగా వచ్చింది. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ పథకంలో సొంత స్థలం ఉన్నవారికి ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షల రూపాయలు ఇస్తారు. మొదటి విడతగా ఒక్కో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు కేటాయించారు. అర్హుల జాబితాలలో ఎల్‌1 అంటే స్థలం ఉండి ఇల్లు లేనివారు, ఎల్‌2 అంటే స్థలమూ ఇల్లూ లేనివారు. నగరంలో కిరాయికి ఉంటున్న చాలామంది ఎల్‌2లోకే వస్తారు, కానీ మొదటి విడత సాయం ముందుగా చేరేది ఎల్‌1 వారికి.

ఇక్కడ ఒక ముఖ్యమైన నిర్ణయం మీ ముందు ఉంటుంది. హమాలీ పనికో, దుకాణంలో పనికో నగరానికి వచ్చిన కుటుంబాలలో చాలామందికి పరకాల, నర్సంపేట, భూపాలపల్లి వైపు సొంత ఊళ్లో పెద్దలు ఇచ్చిన ఇంటి జాగా ఉంటుంది. అటువంటివారు ఊళ్లో ఎల్‌1లో నిలబడటం మంచిదా, నగరంలో ఎల్‌2లో ఎదురుచూడటం మంచిదా అన్నది ముందే తేల్చుకోవాలి. రెండు చోట్లా పేరు పెట్టి ఏది వస్తే అది తీసుకుందామనుకోవడం ప్రమాదకరం. దేశంలో ఎక్కడైనా కుటుంబంలో ఎవరి పేరునైనా పక్కా ఇల్లు ఉంటే పీఎంఏవై పట్టణ 2.0 వర్తించదు. గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ గృహ పథకం కింద లబ్ధి పొందినా వర్తించదు. ఆ పథకంలో కుటుంబమంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. పని నగరంలో స్థిరంగా ఉండి, పిల్లల చదువు ఇక్కడే సాగుతూ ఉంటే, ఊళ్లో కట్టిన ఇల్లు తాళం వేసుకుని ఉంటుంది, నగరంలో కిరాయి అలాగే సాగుతుంది. అందుకే నా సలహా పనిని బట్టి నిర్ణయించుకోమనే.

చదువుకునే పిల్లలకు, ఒంటరిగా ఉద్యోగం చేసే మహిళలకు ఇంటి దరఖాస్తు కంటే హాస్టల్ దారి దగ్గర. ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులు కళాశాల స్థాయి ప్రభుత్వ వసతి గృహాల గురించి ఆయా సంక్షేమ శాఖల జిల్లా కార్యాలయాలలో అడగాలి. ఉద్యోగినుల హాస్టళ్ల కేంద్ర పథకం మార్గదర్శకాలలో ఒక విశేషం ఉంది. ఒక్కరే ఉండే గదికి జీతంలో 15 శాతం, ఇద్దరు ఉండే గదికి 10 శాతం, ఎక్కువమంది కలిసి ఉండే పెద్ద గదికి (డార్మిటరీకి) 7.5 శాతం మించి కిరాయి తీసుకోకూడదని వాటిలో ఉంది. సమీపంలో అటువంటి హాస్టల్ ఉన్నదీ లేనిదీ మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయంలో తెలుస్తుంది.

ఆదాయం లెక్క ఒక్కటే వేసుకోండి

పట్టణాలలో ఆహార భద్రతా కార్డుకు ఏడాది ఆదాయ పరిమితి 2 లక్షల రూపాయలు. పీఎంఏవైలో ఆర్థికంగా బలహీన వర్గానికి 3 లక్షలు, అల్పాదాయ వర్గానికి 6 లక్షలు. ఈ రెండింటి మధ్య తేడా తెలియక చాలామంది వెనుదిరుగుతారు. ఇద్దరూ కలిసి నెలకు 18,000 రూపాయలు సంపాదించే దంపతుల ఏడాది ఆదాయం 2,16,000; వారికి రేషన్ కార్డు రాకపోవచ్చు గానీ, పీఎంఏవై లెక్కలో వారు బలహీన వర్గంలోనే ఉన్నారు. ఇందిరమ్మ ఇళ్ల దగ్గర మాత్రం రేషన్ కార్డును చూస్తారు.

ఆదాయ ధ్రువీకరణ పత్రానికి మీసేవలో దరఖాస్తు చేస్తే రెవెన్యూ సిబ్బంది విచారించిన తరువాత తహసీల్దారు జారీ చేస్తారు. విచారణకు వచ్చిన గిర్దావరుకు ఒక అంకె, పిల్లల ఉపకార వేతనం ఫారంలో ఇంకో అంకె, ఇంటి దరఖాస్తులో మూడో అంకె చెప్పేవారిని చూశాను. అవన్నీ ఇప్పుడు కంప్యూటర్లలో పక్కపక్కనే కనిపిస్తాయి. నిజమైన ఆదాయాన్ని ఒక చోట రాసిపెట్టుకుని అన్ని చోట్లా అదే చెప్పండి.

కిరాయి ఇంటికి కాగితం పుట్టించండి

ఈ పనికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి, దరఖాస్తుల తేదీ ప్రకటించిన తరువాత మొదలుపెడితే అందదు.

మొదటిది కిరాయి ఒప్పందం. ఏడాదికి మించిన కిరాయి ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. అందుకే అందరూ 11 నెలలకు రాసుకుంటారు. స్టాంపు పేపరు మీద ఇంటి నంబరు, ఏ అంతస్తు, ఏ పోర్షన్, నెల కిరాయి, అడ్వాన్సు, మొదలైన తేదీ రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం చేయించండి. చాలామంది యజమానులు సంతకం చేయడానికి వెనుకాడతారు. ఒప్పందం రాసిస్తే కిరాయిదారు ఇల్లు ఖాళీ చేయడేమోనన్నది వారి భయం. నిజానికి ఫలానా తేదీకి ఖాళీ చేస్తానని మీరు సంతకం చేసిన కాగితం వారికే రక్షణ. ఆ మాటను పెద్దమనిషి ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లి మెల్లగా చెబితే, పిల్లల చదువు కోసమనో ఆధార్ కోసమనో చెప్పి అడిగితే, చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఇకమీదట కిరాయి చేతికి ఇవ్వకుండా ఫోన్ ద్వారా ప్రతి నెలా ఒకే తేదీన పంపి, నోట్‌లో "కిరాయి" అని నెల పేరుతో సహా రాయండి. ఏడాది గడిచేసరికి 12 చెల్లింపుల బ్యాంకు స్టేట్‌మెంట్ మీ చేతిలో ఉంటుంది.

రెండోది ఆధార్ చిరునామా. కుటుంబంలో ఒకరి ఆధార్ నగరం చిరునామాకు మారితే, మిగిలినవారు కుటుంబ పెద్ద సమ్మతితో ఆన్‌లైన్లో మార్చుకునే వీలు 2023 నుంచి ఉంది. కుటుంబ పెద్ద ఆ అభ్యర్థనను 30 రోజులలో ఆమోదించాలి. ఆధార్‌కు అనుసంధానమైన మొబైల్ నంబరు ఇప్పటికీ మీ దగ్గరే ఉందో లేదో ఈ సందర్భంలోనే సరిచూసుకోండి, ఎందుకంటే పీఎంఏవై పోర్టల్ ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. పాత సిమ్ పోయి దరఖాస్తు మధ్యలో ఆగిపోయిన సందర్భాలు కొల్లలు.

మూడోది ఇంటి ఇల్లాలి కాగితాలు, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. ఇందిరమ్మ ఇల్లు మహిళ పేరున మంజూరవుతుంది. పీఎంఏవైలో కూడా సొంతానికి ఇచ్చే ఇల్లు మహిళ పేరున గానీ దంపతులిద్దరి పేరున గానీ ఉండాలి. మన ఇళ్లలో మాత్రం భర్త కాగితాలు చక్కగా ఉండి, భార్య ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరి చిరునామా ఉండిపోతాయి. బ్యాంకు పుస్తకంలో పేరు మరో రకంగా ఉంటుంది. ఆధార్, బ్యాంకు పుస్తకం, రేషన్ కార్డు, ఓటరు కార్డు నాలుగింటినీ పక్కపక్కన పెట్టి పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే ముందు ఆధార్‌ను సరిచేసి, మిగిలినవాటిని దాని ప్రకారం మార్పించండి. ఓటరు జాబితాలో చిరునామా మార్పుకు ఫారం 8 సరిపోతుంది.

గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటు కిరాయిదారులకూ వర్తిస్తుంది. ఇల్లు మారినప్పుడు మీ రేషన్ కార్డుకు కొత్త ఇంటి సర్వీసు నంబరును జోడింపజేసుకుంటే, బిల్లు మిగలడంతో పాటు మీరు ఆ ఇంట్లోనే ఉంటున్నారన్న ఒక సర్కారు నమోదు కూడా అప్పనంగా ఏర్పడుతుంది.

భవన నిర్మాణ పని చేసేవారు సంక్షేమ బోర్డులో సభ్యత్వ కార్డు, తోపుడు బండి వ్యాపారులు వీధి వ్యాపారి గుర్తింపు కార్డు తప్పక తీసి పెట్టుకోండి. పీఎంఏవై 2.0 ప్రత్యేక శ్రద్ధ చూపే వర్గాలలో పారిశుద్ధ్య కార్మికులు, కేంద్రం స్వనిధి పథకంలో ఉన్న వీధి వ్యాపారులు, విశ్వకర్మ పథకంలో ఉన్న చేతివృత్తులవారు, అంగన్‌వాడీ కార్యకర్తలు, భవన నిర్మాణ కార్మికులు ఉన్నారు. వితంతువులు, ఒంటరి మహిళలు, దివ్యాంగులు, వృద్ధులు, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ వర్గాలవారు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ప్రాధాన్యంలో ఉన్నారు.

మీరు ఏ జిల్లాలో ఉన్నారు?

ఈ ప్రశ్న వింతగా అనిపించవచ్చు. మన నగరపాలక సంస్థ ఒక్కటే అయినా జిల్లాలు రెండు. 2021 ఆగస్టులో పేర్లు, హద్దులు మారిన తరువాత హనుమకొండ, కాజీపేట మండలాలు హనుమకొండ జిల్లాలోనూ, వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు వరంగల్ జిల్లాలోనూ ఉన్నాయి. కరీమాబాద్ నుంచి నయీంనగర్‌కు ఇల్లు మారితే సామాను ఒక్క ట్రాలీ ఆటోలో వచ్చేస్తుంది గానీ, మీ తహసీల్దారు, కలెక్టరు, నియోజకవర్గం మూడూ మారిపోతాయి. ఇళ్ల సంఖ్యను నియోజకవర్గం వారీగా కేటాయిస్తున్నందున ఇది చిన్న విషయం కాదు. దరఖాస్తు ఇచ్చి ఎదురుచూస్తున్న కాలంలో ఇల్లు మారక తప్పకపోతే, వీలైనంతవరకు అదే మండలంలో, కుదిరితే అదే డివిజన్‌లో వెతుక్కోండి. నెలకు ఐదు వందలు తక్కువని హంటర్ రోడ్డు అవతలికి మారి, సర్వేలో పేరు జారవిడుచుకోవడం నష్టపు బేరం.

దరఖాస్తు, సర్వే

పీఎంఏవై పట్టణ 2.0 పోర్టల్‌లో మొదట రాష్ట్రం, ఏడాది ఆదాయం, పక్కా ఇల్లు ఉందా లేదా, గత 20 ఏళ్లలో లబ్ధి పొందారా అన్న ప్రశ్నలతో అర్హతను చూస్తారు; పథకంలోని ఏ భాగానికి దరఖాస్తు చేస్తున్నారో కూడా అక్కడే ఎంచుకోవాలి. స్థలం లేనివారు పొరపాటున సొంత స్థలంలో కట్టుకునే భాగాన్ని ఎంచుకుంటే దరఖాస్తు స్థలం పత్రాల దగ్గర ఆగిపోతుంది. ఆ తరువాత కుటుంబ సభ్యులందరి ఆధార్ వివరాలు, ఆధార్‌కు అనుసంధానమైన బ్యాంకు ఖాతా, ఆదాయ పత్రం, అవసరమైతే కుల ధ్రువీకరణ పత్రం అడుగుతుంది. మీసేవ కేంద్రంలోనో తెలిసిన కుర్రవాడి చేతనో నింపించినా, చివరి బటన్ నొక్కే ముందు ప్రతి పేరూ మీరే చదివించుకోండి. వచ్చిన దరఖాస్తు సంఖ్యను కాగితం మీద రాసి, ఫోటో తీసి, ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి.

ఇందిరమ్మ ఇళ్లకు ఆధారమైన ప్రజాపాలన దరఖాస్తులను 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు తీసుకున్నారు. అప్పుడు ఇచ్చిన రసీదు మీ దగ్గర ఉంటే దాని సంఖ్యతోనూ, లేకపోతే ఆధార్ లేదా మొబైల్ నంబరుతోనూ ఇందిరమ్మ ఇళ్ల వెబ్‌సైట్‌లో మీ పేరు ఏ జాబితాలో ఉందో చూసుకోండి. ఎల్‌3లో ఉందంటే మిమ్మల్ని అర్హులుగా గుర్తించలేదని అర్థం.

కిరాయిదారుల పేర్లు తప్పుగా పడేది సర్వేలో. ఉంటున్నది స్లాబు ఇల్లయితే, చూసినవారు పక్కా ఇల్లు ఉన్న కుటుంబంగా రాసుకునే వీలుంది. అందుకే సర్వేకు వచ్చినవారికి కిరాయి ఒప్పందాన్ని చేతికిచ్చి, ఇల్లు కిరాయిదని యాప్‌లో నమోదు చేశారా అని మర్యాదగా అడిగి నిర్ధారించుకోండి. ఒకే ఇంటి నంబరులో మూడు పోర్షన్లలో మూడు కుటుంబాలుంటే, వెనుక పోర్షన్ వారిని చాలాసార్లు చూడకుండానే వెళ్లిపోతారు. పనికి వెళ్లే ఇంట్లో తాళం వేసి ఉంటుంది కాబట్టి, ఫోన్ నంబరును యజమాని ఇంట్లోనూ, పక్కింటివారి దగ్గరా, డివిజన్‌లో మహిళా సంఘాలను చూసే ఆర్పీ (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా తరఫున పనిచేసే రిసోర్స్ పర్సన్) దగ్గరా ఇచ్చి పెట్టండి. సర్వే, శిబిరం, చివరి తేదీ వంటి కబుర్లు అందరికంటే ముందు చేరేది ఆర్పీకే.

వెంటపడటం కూడా పనే

రెండు నెలలైనా కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లండి. మీ మండలం ఏ జిల్లాలో ఉందో ఆ కలెక్టరేట్‌కే వెళ్లాలి. అర్జీ ఒక్క పేజీ దాటకుండా, దరఖాస్తు సంఖ్య మొదటి వాక్యంలోనే ఉండేలా రాయండి; కష్టాల కథ మొత్తం రాస్తే అసలు అడిగినదేమిటో చదివేవారికి దొరకదు. అర్జీ ఇచ్చినట్టు సంఖ్యతో కూడిన రసీదు తీసుకోకుండా వెనుదిరగవద్దు.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. దారిద్ర్యరేఖ దిగువన ఉన్నవారికి రుసుము లేదు. "నాకు ఇల్లు ఎందుకు ఇవ్వలేదు" అని అడిగితే పనికొచ్చే జవాబు రాదు. మా డివిజన్‌లో అర్హులుగా గుర్తించిన వారి జాబితా, ఫలానా సంఖ్య గల దరఖాస్తుపై విచారణాధికారి రాసిన నివేదిక నకలు, నగరంలో పూర్తయి ఇంకా కేటాయించని ఇళ్ల సంఖ్య, ఇలా కాగితం రూపంలో ఉండేవాటినే అడగండి. 30 రోజులలో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే మరో 30 రోజులలోపు అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు.

ఈ ఎదురుచూపులో రెండు ఉచ్చులు తగులుతాయి. ఒకటి, ఫలానా నాయకుడితో పైరవీ చేసి ఇల్లు ఇప్పిస్తానని అడ్వాన్సు అడిగే దళారి. అసలు లాటరీలో పేరు తీసే చోట దళారి చేయగలిగింది ఏమీ లేదు. మీ పేరు తనంతట తానే వస్తే ఆ ఘనత తనదని చెప్పుకుంటాడు, రాకపోతే ఫోన్ ఎత్తడు. రెండోది, చూడటానికి మంచి బేరంలా కనిపించే డబుల్ బెడ్రూం ఇంటి పోర్షన్. ఇల్లు వచ్చినవారు దానిని అమ్మకూడదు, కిరాయికి ఇవ్వకూడదు. అటువంటి ఇంట్లో చవకగా చేరితే, తనిఖీ జరిగిన రోజున కేటాయింపు రద్దయ్యేది వారిది, రోడ్డున పడేది మీరు. అడ్వాన్సు తిరిగి అడగడానికి చూపగలిగే ఒప్పందం కూడా మీ దగ్గర ఉండదు.

కిరాయి ఇల్లు కేటాయించినప్పుడు

ప్రాజెక్టు ఉండి, అందులో మీకు ఇల్లు వస్తే, తాళం చెవి తీసుకునే ముందు ఒప్పందాన్ని పూర్తిగా చదివించుకోండి. నెల కిరాయితో పాటు నిర్వహణ ఖర్చు, నీటి చార్జీ, లిఫ్టు, మెట్ల దగ్గరి కరెంటు ఎవరు కట్టాలో చూడండి. కిరాయి ఎంత కాలానికి ఎంత పెరుగుతుందో చూడండి. 2020 నాటి మార్గదర్శకాలలో రెండేళ్లకు 8 శాతం చొప్పున, ఐదేళ్లలో మొత్తం 20 శాతం మించకుండా పెంచవచ్చని ఉంది కాబట్టి, మీ ఒప్పందంలోని అంకెను దానితో పోల్చి అడగవచ్చు. నెలకు 3,000 కిరాయి అయితే రెండేళ్ల తరువాత 3,240 అవుతుంది. చేరిన రోజునే మీటరు రీడింగును, గోడల చెమ్మను, పగిలిన కిటికీలను తేదీ కనిపించేలా ఫోటోలు తీసి, నిర్వాహకుడి ఫోన్‌కు పంపండి. పాత ఇంటి యజమాని దగ్గర అడ్వాన్సు లెక్క తేల్చుకుని, అతని చేత "బాకీ లేదు" అని రెండు ముక్కలు రాయించుకున్న తరువాతే అక్కడి తాళం అప్పగించండి.